కాలు తీసినా బండి తోస్తాంటే

మే నెల. పొద్దున పదికే అనంతపురం గుత్తి రోడ్డులో తారు మెత్తబడే ఎండ. నా మెకానిక్ షెడ్డు ముందర ఒక పాత తెల్ల కారు వచ్చి నిలబడింది. బండి నిలబడింది గానీ ఇంజన్ మాత్రం గుట్ట ఎక్కుతున్నట్టు అరుస్తానే ఉంది. దిగినాయన బుక్కరాయసముద్రంలో ఉండే రిటైరైన లెక్కల సారు.

“ఏమప్పా, నేను యాక్సిలేటర్ తొక్కడం మానేసి నాలుగు దినాలైంది. క్లచ్ వదిలితే చాలు, అదే పోతాది. టవర్ క్లాక్ దగ్గర ముందరున్న ఆటోకు గుద్దేది రవ్వంతలో తప్పింది.”

“యాడన్నా చూపించినారా సార్?”

“చూపించినా. స్క్రూ ఏదో తిప్పి చూసినారు. తగ్గలేదు. థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాల, 14 వేలు అన్నారు. ఎందుకు మార్చాలో అడిగితే చెప్పలేదు. నాకు లెక్క కుదరలే, వచ్చేసినా.”

కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని మేము స్లో అంటాం. ఆ స్లో ఎక్కువైన బండిని ఎట్ల పట్టుకోవాలో ఈ సారు బండి మీదనే చెప్తా. ఇదంతా పెట్రోల్ కార్లకే. డీజిల్ కథ వేరు. అందులోనూ 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లు సైలెన్సర్‌లోని ఫిల్టర్‌లో మసి కాల్చుకునేటప్పుడు వాటంతట అవే స్లో పెంచుకుంటాయి, పని అయిపోయినాక దించుకుంటాయి. అది రోగం కాదు.

పెట్రోల్ ఇంజన్‌కు గాలే పగ్గం. మీరు యాక్సిలేటర్ తొక్కితే పెట్రోల్ పోస్తున్నామనుకుంటారు. నిజానికి థ్రాటిల్ అనే గాలి తలుపు తెరుస్తారు, వచ్చిన గాలిని చూసుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోల్ పోస్తాది. కాలు తీస్తే ఆ తలుపు మూసుకుంటాది. ఇంజన్ ఆగిపోకుండా సన్న సందులోంచి కొలత ప్రకారం రవ్వంత గాలి వదుల్తాది కంప్యూటర్. కాబట్టి స్లో ఎక్కువుందంటే కారణాలు రెండే. కొలతలో లేని గాలి యాడనుంచో దూరుతా ఉండాల, లేదంటే కంప్యూటరే ఎవరో చెప్పిన అబద్ధం నమ్మి గాలి ఎక్కువ వదుల్తా ఉండాల. ఈ రెండింట్లో ఏదో తేల్చకుండా సామాన్లు మార్చడం మొదలుపెడితే 14 వేలు కాదు, 40 వేలైనా పోతాయి.

ముందు, నిజంగా ఎక్కువేనా?

వేడెక్కిన ఇంజన్, ఏసీ లేకుండా, న్యూట్రల్‌లో నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య తిరగాల. మూడు సిలిండర్ల బండ్లు కొంచెం పైన ఉంటాయి. ఏసీ వేస్తే ఇంకో 50 నుంచి 150 పెరుగుతాది. అది కంప్యూటర్ కావాలని చేసేది, లేకుంటే కంప్రెసర్ బరువుకు ఇంజన్ ఆగిపోతాది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 1200, 1500 దాకా పోయి రెండు మూడు నిమిషాల్లో మెల్లగా దిగితే కూడా అంతా బాగున్నట్టే. డిసెంబర్‌లో కొత్తగా కారు కొన్న పిల్లోడు ఒకడు “అన్నా, పొద్దున పూట అరుస్తాంది” అని మూడు దినాలు తిరిగినాడు నా చుట్టూ. చలికి అట్లనే అరుస్తాది నాయనా, నువ్వు దుప్పటి కప్పుకుంటావు, అది రైజ్ అవుతాది అని చెప్పి పంపించినా.

మీటర్‌లో ఆర్‌పీఎం (చుట్ల లెక్క) ముల్లు లేని బండి అయితే ఒక బ్లూటూత్ స్కానర్ కొనుక్కోండి. ఈఎల్ఎం 327 అని దొరుకుతాది, వెయ్యి లోపలే. చానా బండ్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటాది, దాంట్లో గుచ్చి ఫోన్‌లో చూసుకోవచ్చు. సారు బండి వేడెక్కినాక, ఏసీ లేకుండా, 1650 చూపించింది.

ఒక సంగతి ఇక్కడే గమనించాల. ముల్లు ఒకేచోట పైన నిలబడిందా, లేక 900, 1500, మళ్ళీ 900 అని ఊయల ఊగుతాందా? ఊగుతాంటే బయటి గాలి దూరుతాందని అనుమానం ఎక్కువ. కాలు తీసినా ఇంత రైజ్ ఎందుకుందని కంప్యూటర్ పెట్రోల్ ఆపుతాది, పడిపోతాంటే మళ్ళీ ఇస్తాది, అదే ఊగడం. అట్ల కాకుండా రైజ్ చేసి వదిలినాక దిగడానికి బద్ధకిస్తాంటే థ్రాటిల్ తలుపో, యాక్సిలేటర్ కేబులో అతుక్కుంటాందని అర్థం.

చేతికి అందేవి

ఇంజన్ ఆపండి. మొదట డ్రైవర్ కాళ్ళ కింద మ్యాటు చూడండి. నవ్వొద్దు. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేసి, పైది జరిగి యాక్సిలేటర్‌ను నొక్కుతాంటే ఇక్కడ స్పానర్లు పట్టుకుని కూర్చున్న దినాలు ఉన్నాయి నాకు. తర్వాత బానెట్ ఎత్తి, కేబుల్ ఉండే బండి అయితే థ్రాటిల్ దగ్గర కేబుల్‌ను వేలితో కదిలించండి. రెండు మూడు మిల్లీమీటర్లు వదులు ఉండాల. వీణ తీగ మాదిరి బిగుతుగా ఉంటే అదే తలుపును తెరిచి పట్టుకుంటాంది. చేత్తో తలుపు తెరిచి వదలండి, ‘టక్’ అని మూసుకోవాల. కొత్త బండ్లలో కేబుల్ ఉండదు, మోటరే తలుపు తిప్పుతాది. వాటిలో వేలు పెట్టి తోయొద్దు, లోపల ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. తాళం ఆన్‌లో ఉంటే వేలే నలుగుతాది.

సారు బండికి కేబుల్ బాగుంది. కానీ థ్రాటిల్ పక్కన ఆపు స్క్రూ మీద కంపెనీ వేసిన పసుపు రంగు పగిలి ఉంది. ఆ రంగు పగిలిందంటే ఎవరో తిప్పినారని. ఆ సంగతి మనసులో పెట్టుకుని ముందుకు పోయినా.

దొంగ గాలి

సగానికి పైన బండ్లలో జబ్బు ఇక్కడే దొరుకుతాది, కాబట్టి ఇక్కడ తొందర పడొద్దు. మన ఊరి ఎండకు రబ్బరు పైపులు ఐదారేళ్ళకే అప్పడాలైపోతాయి. పైకి బాగున్నట్టే కనిపిస్తాయి, వంచి చూస్తే కింది పక్క చీలిక ఉంటాది. మ్యానిఫోల్డ్ అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టం. మ్యానిఫోల్డ్‌కు తగిలే పైపులన్నీ ఒక్కొక్కటీ వేలితో తడమాల: బ్రేక్ బూస్టర్‌కు పోయే లావు పైపు, ఇంజన్ పై మూత (ట్యాపెట్ కవర్) నుంచి లోపలి ఆవిరి తెచ్చే పీసీవీ పైపు, పెట్రోల్ ట్యాంకు ఆవిరి తెచ్చే పర్జ్ వాల్వ్ పైపు, సెన్సర్‌కు పోయే సన్న పైపు. గ్యాస్ కిట్ పెట్టించిన బండి అయితే, కిట్ వాళ్ళు కోసి అతికించిన ప్రతి చోటూ.

కంటికి దొరక్కపోతే చెవికి దొరుకుతాది. మీటరు పొడుగు రబ్బరు పైపు ముక్క తీసుకుని ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన ఇంజన్ మీద ఆనించకుండా పైపుల వెంబడి తిప్పండి. లీక్ దగ్గరికి రాగానే పాము బుస కొట్టినట్టు వినిపిస్తాది. ఫ్యాన్, బెల్టు దగ్గర జాగ్రత్త. రేడియేటర్ ఫ్యాన్‌కు కరెంటు, అది ఎప్పుడు తిరగాలనుకుంటే అప్పుడు తిరుగుతాది. భుజం మీద టవల్, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టి వంగండి.

తర్వాత నొక్కుడు పరీక్ష. ఇంజన్ తిరుగుతా ఉండగా ఒక్కో రబ్బరు పైపును మ్యానిఫోల్డ్ దగ్గర, గుడ్డ చుట్టిన కటింగ్ ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏ పైపు నొక్కితే స్లో బాగా పడిపోతాదో, దొంగ ఆ పైపు దారిలో ఉన్నాడు. పీసీవీ పైపు నొక్కితే ఎవరి బండిలోనైనా కొంచెం పడుతాది, అది లెక్క కాదు. ఎండిపోయిన పైపును గట్టిగా నొక్కితే అక్కడే విరుగుతాది, అప్పుడు లేని లీక్ కొత్తగా పుడుతాది.

బ్రేక్ బూస్టర్ పైపు మీద అనుమానముంటే ఇంకో సులువు ఉంది. ఇంజన్ ఆపి బ్రేక్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతాది. అట్లనే తొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాల. దిగకుండా రాయి మాదిరి ఉంటే బూస్టర్‌దో, దాని పైపుదో సమస్య. అట్లాంటి బండిని స్లో సంగతి అటుంచి, ముందు రోడ్డెక్కనీయొద్దు.

పర్జ్ వాల్వ్‌కు వేరే గుర్తు ఉంది. బంకులో ట్యాంకు నింపిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తాంటే దాన్నే పట్టుకోండి. ఇంజన్ చల్లగా స్టార్ట్ చేసి, ట్యాంకు వైపు పైపు పీకి వాల్వ్ మూతికి వేలు ఆనించండి. అప్పుడే వేలిని పీలుస్తాంటే వాల్వ్ మూసుకోవడం లేదని అర్థం.

మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగుల దగ్గర నొక్కడానికి ఏముండదు. స్ప్రే సీసాలో సబ్బు నీళ్ళు పోసి ఆ అతుకుల మీద కొంచెం కొంచెం కొట్టండి. లీక్ ఉంటే నీళ్ళు లోపలికి పీల్చుకుని ఇంజన్ శబ్దం మారుతాది. కాయిల్స్ మీద, వైర్ల మీద, ఎర్రగా కాలే సైలెన్సర్ వైపు కొట్టొద్దు. పెట్రోల్ కొట్టి చూసే అలవాటు కొంతమందికి ఉంది. నాకూ ఉండేది. 2004లో నా ఎడమ కనుబొమ్మ కాలినాక మానేసినా.

సారు బండిలో పీసీవీ పైపు నొక్కగానే 1650 నుంచి 1150కి జారింది. పైపు ఊడదీసి చూస్తే కింది పక్క రెండు బొక్కలు, అంచుల్లో పళ్ళ గాట్లు.

“సార్, బండి యాడ పెడ్తారు రాత్రి పూట?”

“ఇంటి పక్క రేకుల షెడ్డులో. శెనక్కాయల బస్తాలు కూడా అందులోనే.”

ఇంకేం చెప్పాల. శెనక్కాయలకొచ్చిన ఎలుకలు రాత్రి వెచ్చగా ఉన్న ఇంజన్ మీదికెక్కి పైపు రుచి చూసినాయి. పంట ఇంటికి చేరిన దినాల్లో నా షెడ్డుకొచ్చే వైర్ల పనిలో చానా భాగం ఎలుకలదే. కొత్త పైపు 180 రూపాయలు, రెండు క్లిప్పులు. వేసినాక 1150 దగ్గర నిలబడింది. తగ్గింది గానీ సరిపోలేదు.

చెప్పు ముక్క పరీక్ష

పైపులన్నీ బాగున్నాయనుకున్నాక కూడా స్లో దిగకపోతే, గాలి థ్రాటిల్ లోంచి వస్తాందా, వేరే యాడనుంచైనా వస్తాందా అని తేల్చే పరీక్ష ఇది. ఫిల్టర్ నుంచి వచ్చే లావు గాలి గొట్టం థ్రాటిల్ దగ్గర ఊడదీయండి. ట్యాపెట్ కవర్ నుంచి ఆ గొట్టానికి వచ్చే సన్న పైపు మూతి మూసేయండి, లేకుంటే ఆ దారిన గాలి పోయి లెక్క తప్పుతాది. ఇప్పుడు పాత హవాయి చెప్పు అడుగు కోసిన ముక్కతో తిరుగుతున్న ఇంజన్ థ్రాటిల్ మూతి మూయండి. గుడ్డ వాడొద్దు, లోపలికి పీల్చుకుంటాది.

ఇంజన్ ఆగిపోతే, కనీసం ఆగిపోయేటట్టు వణికితే, వచ్చే గాలంతా థ్రాటిల్ దారిలోనే వస్తాందని. ఏమీ పట్టనట్టు తిరుగుతానే ఉంటే ఇంకా లీక్ ఉంది, వెనక్కు పోయి సబ్బు నీళ్ళు పట్టుకోండి. ఫిల్టర్ పెట్టె పక్కన గాలి గొట్టంలో సెన్సర్ ఉండే బండ్లకు ఇది పనికిరాదు, గొట్టం పీకగానే అవి ఆగిపోతాయి.

సారు బండి చెప్పు ముక్క పెట్టగానే ఆగిపోయింది. కేబుల్ బండ్లలో థ్రాటిల్ మూతి లోపల తలుపుకు ముందర ఒక చిన్న బొక్క ఉంటాది, స్లో గాలి వాల్వ్‌కు పోయే దారి. మళ్ళీ స్టార్ట్ చేసి ఆ బొక్క ఒక్కటే వేలితో మూసి చూసినా. దాదాపు ఏమీ తగ్గలేదు. అంటే వాల్వ్ దారి మూసుకునే ఉంది, గాలి వచ్చేది తలుపు అంచు నుంచే. తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు. పసుపు రంగు పగిలిన స్క్రూ!

ఇక్కడ నా తప్పొకటి చెప్పాల. పని నేర్చుకునే రోజుల్లో నేను కూడా ఈ స్క్రూలు తిప్పినోణ్ణే. కార్బురేటర్ మారుతి 800 మీద చేయి తిరిగినోళ్ళకు స్క్రూ తిప్పి స్లో పెట్టడం అన్నం తిన్నంత అలవాటు, ఆ బండికి అది సరైన పద్ధతే. కంప్యూటర్ పెట్రోల్ పోసే ఇంజెక్టర్ బండిలో ఆ స్క్రూ స్లో కోసం కాదు, తలుపు గొట్టానికి ఒరుసుకోకుండా ఆపడం కోసం. దాన్ని లోపలికి తిప్పితే తలుపు తెరుచుకుంటాది, తలుపుతో పాటు దాని సెన్సర్ కూడా తిరుగుతాది. డ్రైవర్ కాలు యాక్సిలేటర్ మీదే ఉందనుకుని కంప్యూటర్ స్లో సంగతే పట్టించుకోవడం మానేస్తాది. అప్పుడు మీరు పైపు మార్చినా, వాల్వ్ మార్చినా లాభం లేదు.

వెనక్కు పెట్టడం ఇట్ల: స్క్రూను తలుపు పూర్తిగా మూసుకునేదాకా వదులు చేయాల. మళ్ళీ మెల్లగా బిగిస్తూ, స్క్రూ కొన లివర్‌కు తగిలీ తగలనట్టు ఆనిన చోట ఆపి, ఇంకో పావు చుట్టు లోపే ఇవ్వాల. తర్వాత మీటర్ పెట్టి థ్రాటిల్ సెన్సర్ ఓల్టేజీ చూడాల. చానా కేబుల్ బండ్లలో తలుపు మూసినప్పుడు అర ఓల్టు దరిదాపుల్లో ఉంటాది. సరైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే. సారు బండిది 0.9 నుంచి 0.5కి దిగింది.

కంప్యూటర్ అబద్ధం నమ్మినప్పుడు

సారు బండికి ఇది అవసరం పడలేదు గానీ, గాలి లీక్ లేదు, తలుపు బాగుంది, అయినా స్లో దిగదు అంటే ఇంజన్ ఇంకా చల్లగా ఉందని కంప్యూటర్ అనుకుంటా ఉండొచ్చు. స్కానర్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. రాత్రంతా నిలబడిన బండిలో పొద్దున తాళం ఆన్ చేస్తే ఆ అంకె, లోపలికి పోయే గాలి టెంపరేచర్ అంకె ఇంచుమించు ఒకటే ఉండాల. మైనస్ 40 చూపిస్తాంటే అనంతపురంలో మంచు పడలేదు, సెన్సర్ వైరు తెగింది. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతాంటే కూడా ఇదే అనుమానం. సెన్సర్‌ను విడిగా కొలిస్తే చానా బండ్లలో చల్లగా ఉన్నప్పుడు సుమారు 2000 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ప్రాంతంలో ఉంటాది.

వేడెక్కినాక 80 నుంచి 95 మధ్య నిలబడాల. హైవే మీద అరగంట తోలినా 70 దాటకపోతే వేడెక్కినాకే కూలెంట్ రేడియేటర్ వైపు వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, లేదా అసలు లేనే లేదు. మన పక్క ఎండాకాలం వచ్చిందంటే ‘బండి హీట్ అవుతాది, థర్మోస్టాట్ పీకెయ్’ అనే వైద్యం ఒకటుంది. నాకు అస్సలు గిట్టదు. చలికాలం పొద్దున హైవే మీద ఆ బండి వేడెక్కదు, స్లో దిగదు, మైలేజీ పోతాది. హీట్ అవుతాంటే రేడియేటర్ కడిగించండి, ఫ్యాన్ చూపించండి.

కూలెంట్ తక్కువున్నా ఇదే తంటా. సెన్సర్ చుట్టూ నీళ్ళు లేకుండా గాలి బుడగ నిలిస్తే అది తప్పు చెప్తాది. కొన్ని పాత బండ్లలో థ్రాటిల్ కింద మైనంతో పనిచేసే వాల్వ్ ఉంటాది, వేడి కూలెంట్ తగిల్తే మైనం ఉబ్బి గాలి దారి మూస్తాది. అక్కడికి వేడి చేరకపోతే స్లో దిగదు. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే ఇండ్లలో ఆ సన్న దారులు ఉప్పు పట్టి మూసుకుపోయి ఉంటాయి. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, చెంబు అడుగు చూస్తే చాలు. కూలెంట్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు.

స్కానర్‌లో పీ0507 అని కోడ్ వస్తే స్లో ఉండాల్సిన దానికంటే ఎక్కువుందని చెప్పడమే. అది మీకు ముందే తెలుసు. ఏ సామాను చెడిందో అది చెప్పదు. దాంతో పాటు పీ0171 కూడా ఉంటే గాలి లీక్ వైపు, పీ0118 ఉంటే కూలెంట్ సెన్సర్ వైపు, పీ0128 ఉంటే థర్మోస్టాట్ వైపు మొగ్గండి.

కడిగినాక పెరిగితే భయపడొద్దు

థ్రాటిల్ తలుపు అంచున నల్లటి మడ్డి పేరుకుంటే అది సరిగ్గా మూసుకోదు. ఇంజన్ ఆపి, థ్రాటిల్ క్లీనర్‌ను మెత్తటి గుడ్డకు కొట్టి తుడవండి. బ్లేడుతో గీకొద్దు, కొన్నింటికి లోపల పూత ఉంటాది. స్లో గాలి వాల్వ్ ఊడదీస్తే దాని మొన చేత్తో లాగొద్దు, తోయొద్దు.

కడిగినాక స్లో ఇంకా పెరిగిందని గాబరాగా ఫోన్ చేస్తారు. మడ్డి ఉన్నప్పటి అలవాటు ప్రకారం కంప్యూటర్ ఎక్కువ గాలి ఇస్తానే ఉంటాది, దానికి మళ్ళీ నేర్పాల. చానా బండ్లకు బ్యాటరీ మైనస్ పావు గంట తీసి పెట్టి, స్టార్ట్ చేసి, ఏసీ, లైట్లు వేయకుండా, యాక్సిలేటర్ ముట్టకుండా పది నిమిషాలు తిరగనిస్తే సరిపోతాది. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. స్టీరియోకు కోడ్ ఉండే బండి అయితే బ్యాటరీ పీకే ముందే ఆ అంకె వెతికి పెట్టుకోండి. మోటర్ థ్రాటిల్ బండ్లకు కొన్నింటికి స్కానర్‌తోనే నేర్పాల, ఆ పద్ధతి బండి బండికీ మారుతాది.

సారు బండికి అట్లనే పావు గంట తీసి, మళ్ళీ తగిలించి, ఆయన టీ తాగేలోపల తిరగనిచ్చినా. 780 దగ్గర నిలబడింది. ఏసీ వేస్తే 880. బైపాస్ దాకా పోయి వచ్చినారు, సిగ్నల్ దగ్గర క్లచ్ వదిలి చూసినారంట, ముందటి మాదిరి దూకలేదంట. పైపు, క్లిప్పులు, నా కూలీ కలిపి 750 తీసుకున్నా.

“శెనక్కాయలు వేరే చోట పెట్టించండి సార్.”

“మీ అక్కయ్య ఒప్పుకోదప్పా. బస్తాలు లోపలే ఉంటాయి. కారునే యాపచెట్టు కింద పెడ్తా.”